కాగితం రెండో వైపు

పంతులమ్మ పోయిందన్న కబురు నేను బడిలో హాజరు పిలుస్తుండగా వచ్చింది. మూడో తరగతి, సగం పేర్లు అయ్యాయి. గోదావరిఖని దవాఖాన నుంచి ఫోన్. రెండు మాటలు విని పెట్టేశాను. తర్వాతి పేరు పిలిచాను. ఆఖరి పేరు దాకా పిలిచి, వచ్చినవాళ్లెందరో రానివాళ్లెందరో రాసి, అప్పుడు కుర్చీలో కూలబడ్డాను. నన్ను రాతిగుండె అనుకోకండి. మధ్యలో ఆపితే ఆమే లేచి వచ్చి "మస్టర్ పూర్తయిందా?" అని అడిగేది. బొగ్గుబాయిలో పనివాళ్ల హాజరును మస్టర్ అంటారు. బడిలోనూ ఆమె అదే మాట వాడింది. "మీ నాయనలకు మస్టర్ పడకపోతే కూలి లేదు, మీకు మస్టర్ పడకపోతే చదువు లేదు" అనేది.

ఆమె మా ప్రాంతం మనిషి కాదు. కృష్ణ అవతలి జిల్లా నుంచి వచ్చింది. అన్నగారు జ్యోతినగర్‌లో ఇంజనీరు. ఆయన క్వార్టర్‌లో ఉంటూ టౌన్‌షిప్ పిల్లలకు పాఠాలు చెప్పేది. ఒకరోజు మోపెడ్ చెడిపోయి మా బస్తీ దగ్గర ఆగింది. కంపెనీ క్వార్టర్లు దొరకని బాయి పనివాళ్లంతా గుడిసెలు వేసుకున్న బస్తీ అది. మోపెడ్ బాగుచేసిన మెకానిక్ భార్యను "ఇక్కడ పిల్లలు ఏ బడికి వెళతారండీ?" అని అడిగిందట. ఆ భార్యను మేమంతా ఖాలా అంటాం, ఉర్దూలో పిన్ని అని. ఖాలా నవ్వి, "బడి మా దగ్గరికొస్తే పోతరు" అందట. వేళాకోళానికి అన్న మాట. పంతులమ్మకు వేళాకోళం సరిగ్గా అర్థమయ్యేది కాదు. పై వారమే వచ్చేసింది.

నాలుగు గుంజలు, పైన ఒక చినుగుల టార్పాలిన్. అదీ బడి. ఆమె "గేదె" అంటే మేము "బర్రె" అని అరిచేవాళ్లం. కోడిపిల్లను కూడా "మీరు" అంటుందని ఆడవాళ్లు ఆటపట్టించేవారు. ఆమెకు కోపం ముక్కు మీదే ఉండేది. పెళ్లిపత్రిక తెచ్చి చేతిలో పెడితే, అక్షింతలు వేయకముందే తప్పులు దిద్ది ఇచ్చేది. చాయ్ మాత్రం ఘోరంగా చేసేది.

అన్నిటికీ మించి ఆమె రాసేది. బాయి ఆఫీసులో పారేసిన డ్యూటీ కాగితాల ఖాళీ వైపున నీలం సిరాతో బడికోసం ఉత్తరాలు, బస్తీకోసం దరఖాస్తులు, ఆడవాళ్లు మాట్లాడుకున్న మాటలు, ఎవరి పిల్ల ఏ రోజు మొదటిసారి తన పేరు తాను రాసుకుందో ఆ సంగతి, అన్నీ రాసి ఒక రేకుపెట్టెలో దాచేది. ఆమె పోయాక మాకు మిగిలిన ఆస్తి ఆ పెట్టే. దాని మీదే మొన్న మాలో మాకు గొడవ జరిగింది. ఆ గొడవ మీకు అర్థం కావాలంటే నేను ఎనిమిదేళ్ల వయసులో చేసిన ఒక ఘనకార్యం చెప్పాలి.

అప్పటికి నాకు చదవడం కొత్తగా వచ్చింది. చదువు రాకముందు మనిషి ఓర్చుకుంటాడు గానీ, కొత్తగా వచ్చినప్పుడు పట్టడం కష్టం. గోడల మీద, బీడీకట్టల మీద, సబ్బు కాగితాల మీద ఏది కనబడితే అది గట్టిగా చదివేసేదాన్ని. ఒక మధ్యాహ్నం పంతులమ్మ నా చేతికి కవరు ఇచ్చి పోస్టుడబ్బాలో వేసి రమ్మంది. బడికి పైకప్పు కోసం పట్నంలోని ఒక సాయం చేసే సంఘానికి రాసిన ఉత్తరం అది. కవరు సరిగ్గా అంటుకోలేదు. దారిలో బోరింగు దగ్గర మా అవ్వ, ఖాలా, ఇంకో పదిమంది నీళ్లకోసం నిలబడి ఉన్నారు. మా వైపు అమ్మను అవ్వ అంటాం. అందరి ముందూ మా అవ్వకు నా చదువు చూపించాలనిపించింది. కాగితం తీసి గొంతెత్తి చదివాను.

"ఇక్కడి తల్లులు అజ్ఞానపు చీకటిలో మగ్గుతున్నారు. కన్నబిడ్డకు ముఖం కడగాలన్న తెలివి కూడా లేని అభాగ్యులు వీరు..."

పూర్తిగా అర్థం కాకుండానే చదువుకుంటూ పోయాను. బోరింగు కొట్టే చప్పుడు ఎప్పుడు ఆగిందో తెలియలేదు. తలెత్తితే మా అవ్వ ముఖం మారిపోయి ఉంది. తడిచేత్తోనే కాగితం లాక్కుని, బిందె అక్కడే వదిలేసి బడివైపు నడిచింది. మిగతావాళ్లు వెనక. నేను అందరికన్నా వెనక, ఏదో తప్పు చేశానని మాత్రం తెలిసి.

"పంతులమ్మా, గిది నువ్వే రాసినవా?"

"అవునమ్మా."

"మా పిల్లలకు మొఖం కడుగుడు తెల్వదని రాసినవ్. నేను పొద్దుగాల నాలుగింటికి లేస్త. రెండు బిందెల నీళ్లు తెస్త. ఒకటి నైట్ షిఫ్టు దిగొచ్చే మొగనికి, ఒకటి పిల్లలకు. కడిగి పంపుత. నీ బడికి వచ్చేదాక బొగ్గుదుమ్ము మల్ల పడ్తది. నువ్వు నల్లగున్నది చూసినవ్. కడిగింది చూడలె."

పంతులమ్మ తెల్లబోయింది. "సాయం చేసేవాళ్ల మనసు కరగాలని అలా రాశానమ్మా" అంది మెల్లగా.

"ఆళ్ల మనసు కరగనీకి మా ఇజ్జత్ తియ్యాల్నా?" అంది ఖాలా.

పంతులమ్మ మా అందరితోపాటు నేల మీద కూర్చుంది. కలం మూత తీసి, "చెప్పండి, ఎట్లా రాయాలి?" అని అడిగింది. ఆ రోజు బస్తీ ఆడవాళ్లు చెప్పగా ఆమె రాసిన ఉత్తరం మా బడి పిల్లలందరికీ నోటికొచ్చు. "వాన పడితే మా పిల్లలు తడుస్తున్నారు. బడికి రేకులు కావాలి. గుంజలు మేమే పాతుకుంటాం. రేకులు ఎప్పుడు పంపుతారో రాయండి."

నాలుగే వాక్యాలు. చివరిది మా అవ్వది. జవాబు రాలేదు. పై నెల అవే నాలుగు వాక్యాలు మళ్లీ పంపింది, ఆ పై నెలా అవే. కొంచెం మార్చి రాద్దామని ఎవరో అంటే, "ఐదో వాక్యం రాస్తే బతిమాలినట్టు ఉంటుంది" అంది. ఆరో ఉత్తరానికి లారీలో రేకులు వచ్చాయి. గుంజలు మాత్రం చెప్పిన మాట ప్రకారం మా నాయనలే పాతారు.

ఆనాటి నుంచి బడికి ఒక కట్టుబాటు ఏర్పడింది. "ఎవరి గురించి రాశామో వాళ్ల చెవిన పడందే కాగితం బస్తీ దాటకూడదు" అని ఆమే పెట్టుకుంది. ప్రతి ఐతారం, అదే ఆదివారం, బోరింగు దగ్గర కూర్చుని ఆ వారం రాసినవన్నీ చదివి వినిపించేది. వింటూ ఆడవాళ్లు బియ్యం ఏరేవారు, పేలు చూసుకునేవారు, మధ్యలో అడ్డుతగిలేవారు. "అభాగ్యులు", "నిస్సహాయులు" అన్న మాటలు ఆమె రాతల్లో మళ్లీ కనిపించలేదు. మేమెవరైనా వ్యాసంలో "పాపం" అని రాస్తే, "ఆ మాట తీసేసి, ఏం జరిగిందో రాయి" అనేది.

ఒక ఐతారం ఆమె ఖాలా కూతురు బడి మానేసిన సంగతి చదివింది. "తల్లి వద్దంది" అని రాసుకుంది. ఖాలా ఏరుతున్న చేట పక్కన పెట్టింది.

"దేఖో పంతులమ్మా, వద్దు అని నేను ఎప్పుడన్న? ఇప్పుడు వద్దు అన్న. నా కాలు ఇరిగింది, ఇంట్ల పని ఎవరు చెయ్యాలె? వద్దు, ఇప్పుడు వద్దు, రెండూ ఒకటేనా?"

పంతులమ్మ అక్కడికక్కడే దిద్దింది. దిద్ది, "మరి ఎప్పుడు?" అని అడిగింది. రంజాన్ అయినంక అని ఖాలా అందరి ముందూ మాట ఇవ్వాల్సి వచ్చింది. ఆ పిల్ల ఇప్పుడు నస్పూర్‌లో నర్సు. కాగితం మీద ఒక్క మాట సరిగ్గా పడితే ఏమవుతుందో నేను ఆ రోజు నేర్చుకున్నాను.

తర్వాత నేలను పైనుంచే తవ్వుకుంటూ వచ్చే ఓపెన్‌కాస్ట్ బాయి మా బస్తీ అంచుదాకా వచ్చింది. మమ్మల్ని కొత్త కాలనీకి మార్చారు. ఆ కాలనీ పటంలో బడికి జాగా లేదు. ఆమెకు అప్పటికే మోకాళ్ల నొప్పులు. అయినా ఆడవాళ్లందరినీ వెంటబెట్టుకుని ఆఫీసుకు పోయింది. దరఖాస్తు చూసిన ఆఫీసరు, "ఇంత చిన్నగా ఉందేమిటి?" అన్నాడట. "పెద్దగా ఉంటే పక్కన పెడతారు కదండీ" అందట ఈమె. జాగా దొరికే దాకా ప్రతి సోమవారం ఆ ఆఫీసు మెట్ల మీదే పాఠాలు చెప్పింది. పిల్లలు ఎక్కాలు గట్టిగా చదువుతుంటే ఫైళ్లు చూసుకోవడం ఎవరి తరం? అలా దొరికిన జాగాలో కట్టిందే ఇప్పుడు నేను పాఠాలు చెప్పే బడి.

ఇక మొన్నటి గొడవ.

ఆమె పేరు మీద ఆమె రాతలన్నీ ఒక పుస్తకంగా వేద్దామని పాత విద్యార్థులం కూడాం. బాధ్యత తీసుకున్నది మా బస్తీ బడిలోనే నాకన్నా రెండేళ్లు ముందు చదివిన ఒకాయన, నేను అన్న అంటాను. జ్యోతినగర్‌లో ఉద్యోగం, మంచివాడు, చేతిలో పని ఆగనివ్వడు. రేకుపెట్టెలోని కాగితాలన్నీ ఫోన్‌లో ఫొటోలు తీసి, మొదటి పేజీలో వేయడానికి ఒకటి ఏరాడు. అందరి ముందూ చదివాడు.

"ఇక్కడి తల్లులు అజ్ఞానపు చీకటిలో మగ్గుతున్నారు..."

ఆమె ఆ ఉత్తరాన్ని చింపేసిందని ఇన్నేళ్లూ అనుకున్నాను. ఇద్దరు కళ్లు తుడుచుకున్నారు. అన్న ఫొటో పెద్దది చేసి చూపించాడు. "చెల్లె, ఇక్కడ చూడు, సిరా అలికిపోయింది. రాసుకుంట ఏడ్సినట్టున్నది."

"అది కన్నీళ్లు కాదన్నా. మా అవ్వ తడిచెయ్యి."

ఆ రోజు బోరింగు దగ్గర జరిగిందంతా చెప్పినా అన్న ఒప్పుకోలేదు. "దీని అంత మంచిగ ఇంకోటి లేదు. మిగతావన్ని నాలుగేసి ముక్కలు. చదివెటోళ్లకు గుండె కరగాలె గద?"

"ఆ ముక్క పంతులమ్మ అప్పుడే అన్నది. ఖాలా అప్పుడే జవాబు చెప్పింది."

"నలభై ఏండ్ల కింది ముచ్చట. ఇప్పుడు ఎవలు అడుగుతరు?"

"నేను అడుగుత" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. కోపం ఒక్కటే కాదు, భయం కూడా. పుస్తకం అచ్చయితే మా అవ్వ ఎప్పటికీ బిడ్డకు ముఖం కడగడం తెలియని తల్లిగానే మిగిలిపోతుంది. పంతులమ్మ కూడా తాను దిద్దుకున్న తప్పుగానే మిగిలిపోతుంది. ఇద్దరికీ అన్యాయమే. అసలు కాగితం చూపించమన్నాను. అన్న విసుక్కుంటూనే పెట్టె తెరిచాడు.

కాగితం తిరగేశాను. పట్నానికి పంపాల్సింది కాబట్టి దీన్ని మాత్రం తెల్లకాగితం మీద రాసింది. వెనక వైపు నిండా అదే నీలం సిరా. మా అవ్వ ఆ రోజు అన్న మాటలు, మా యాసలోనే, ఒక్కటి కూడా దిద్దకుండా. రెండు బిందెలు, నాలుగింటికి లేవడం, "నువ్వు నల్లగున్నది చూసినవ్, కడిగింది చూడలె", ఖాలా అడిగిన ఇజ్జత్ ముచ్చట, అన్నీ ఉన్నాయి. కింద ఒక్క వరుస ఆమెది: "ముందు వైపు నా తప్పు. ఈ కాగితం ఎవరికి చూపించినా రెండు వైపులా చూపించాలి."

వెనక డ్యూటీ అచ్చే ఉంటుందనుకుని ఫొటో తీసేటప్పుడు ఎవరూ తిప్పి చూడలేదు. అన్న ఆ వరుస రెండుసార్లు చదువుకుని, ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "సరే. ఐతారం చదువుదాం. అందరు విన్నంకనే ప్రెస్సుకు పోదాం" అన్నాడు.

ఐతారం బడి వాకిట్లో చాపలు పరిచాం. మా అవ్వకు ఇప్పుడు చూపు ఆనదు, చెవులు మాత్రం పాములవి. ఖాలా కర్ర పట్టుకుని వచ్చింది. ముందు, మీరు ఇప్పుడు చదువుతున్న నా ఈ రాతే ఇంతవరకు వినిపించాను. కట్టుబాటు నాకూ ఉంటుంది కదా. "నిరక్షరాస్యురాలైన మా అవ్వ" అని ఒకచోట రాశాను. అంటే ఏందని అడిగింది. చెప్పాను. "నాకు చదువు రాదని తెల్వనిది ఎవలికి? తీసెయ్" అంది. ఇంకోచోట పంతులమ్మను "మహనీయురాలు" అన్నాను. "ఆమె చాయ్ తాగినోళ్లు గా మాట అనరు" అంది ఖాలా. ఆ రెండూ తీసేశాను.

తర్వాత ఆ కాగితం అందుకున్నాను. ముందు వైపు చదువుతుంటే అవ్వ కదలకుండా వింది. తిప్పి వెనక వైపు చదివాను. తన మాటలు తనకే వినబడేసరికి బోసినోటితో నవ్వింది.

"గిన్ని మాటలన్ననా నేను?"

"అన్నవే. నేను ఆడ్నే ఉన్న గదా" అన్నాను.

అవ్వ "అన్ని రాసుకున్నది గని, ఒకటి ఇడిసిపెట్టింది" అంది. "మీరందరు పోయినంక ఆమె ఏడ్సింది. శానసేపు ఏడ్సింది. నేనే ఇంట్లకు తోల్కపోయి మొఖం కడిగిచ్చి చాయ్ పోసిన. గది గూడ రాయి. రెండు దిక్కులున్నయ్ అన్నది గదా, ఆమె దిక్కు గూడ ఉండాలె."

నేను రాయలేకపోయాను. అంత కోపంగా వెళ్లిన మా అవ్వ ఆ రోజు ఆ ముఖం కడిగిందని నాకు ఇన్నేళ్లూ తెలియదు. నా చేతిలోని కలం అన్నే తీసుకుని, అవ్వ చెప్పినట్టే రాశాడు.

అంతలో బాయిలో బ్లాస్టింగ్ జరిగింది. నేల అదిరింది. చాపల మీద ఎవరూ కదల్లేదు, మాకు అలవాటే. కాసేపటికి గాలి ఇటు తిరిగి, ఆ కాగితం మీద సన్నని నల్లదుమ్ము పడింది. అవ్వ చేయి చాపి, తడిమి, కాగితాన్ని కొంగుతో మెల్లగా తుడిచింది. ముందు ఒక వైపు, తర్వాత తిప్పి రెండో వైపు.

"ఊఁ, ఇప్పుడు రాసింది చదువు" అంది.