సింహాసనం అత్తిబెలెకు పోయిన రోజు

మా ఆయన మూడు సినిమాలు తీశాడు. మూడూ ఆషాఢంలోనే తీశాడు. శుభకార్యాలు చేయకూడదని లోకమంతా చేతులు ముడుచుకుని కూర్చునే నెలలో కొబ్బరికాయ కొట్టి కెమెరా తిప్పించిన డైరెక్టరు ఈయన తప్ప ఇంకొకరు ఉంటారని నేను అనుకోను.

దానికి కారణం మా అంగడి. కన్నడం మాట్లాడే హూడిలో మాది షామియానా అంగడి. కుర్చీలు, గంగాళాలు, సీరియల్ లైట్లు, పెళ్లికొడుకూ పెళ్లికూతురూ కూర్చునే ఎర్ర మఖమల్ సింహాసనం, అన్నీ బాడుగకిస్తాం. పెళ్లిళ్ల కాలంలో అంగడిలో చీపురు కూడా మిగలదు. ఆషాఢం వచ్చిందంటే సామానంతా ఇల్లు చేరుతుంది. గోడౌను చాలక మేము పడుకునే గదిలోకి కూడా గంగాళాలు వస్తాయి. ఆ గంగాళాల మధ్య పడుకుని పైకప్పు చూస్తుంటే ఆయనకు సినిమా ఆలోచన వచ్చింది.

సామాను ఖాళీ, మనుషులూ ఖాళీ. పెళ్లి వీడియోలు తీసే కెమెరా ఆయనకు పని లేదు. బ్యాండుమేళం వాళ్లు మా అరుగు మీద పేకాట. వంట మాస్టరుకు ఇంట్లో పెళ్లాంతో కొట్లాట.

"ఇంతమంది సుమ్నే, ఊరికే కూర్చోనుండారు. ఒక సినిమా తీసేస్తే పోలేదా?" అన్నాడు మా ఆయన. ఆవకాయ పెట్టేద్దాం అన్నంత తేలిగ్గా అన్నాడు.

మొదట దయ్యం సినిమా తీశాడు, తర్వాత రాజుల సినిమా, ఆఖరున ప్రేమ సినిమా. ఇప్పుడు లోకమంతా చూసేది రాజుల సినిమానే కాబట్టి దాని సంగతి చెప్తాను.

ఆనేకల్ అవతల బండల గుట్ట దగ్గర మా షామియానా వేస్తే అదే రాజసభ. వంట మాస్టరుకు పొట్టా గొంతూ రెండూ పెద్దవి కాబట్టి ఆయనే రాజు. "ఎవరక్కడ!" అని కేక పెడితే సాంబారు బకెట్టు తెమ్మన్నట్టే ఉండేది. బ్యాండు వాళ్లు సైనికులు. వాళ్ల ఎర్ర కోట్లకు భుజాల మీద జరీ కుచ్చులు ముందే ఉన్నాయి, కొత్తగా కుట్టించే పని తప్పింది. వాన పడితే పై గుడ్డ మీద టపటపమని మోత. రాజు అరవడం, వాన కొట్టడం, మధ్యలో నేను అన్నానికి రమ్మనడం, అన్నీ సినిమాలో వినబడతాయి.

కెమెరా ఆయన మంచివాడే, చేతికి పెళ్లిళ్ల అలవాటు. యుద్ధం సీన్లో సైనికుల వరస మీద కెమెరాను మెల్లగా నడిపించాడు, పంక్తి భోజనాలు తీసినట్టు. ఆ అలవాటు సైనికులకూ ఉంది కదా. కెమెరా తన దగ్గరికి రాగానే ఒక్కొక్కడూ కత్తి దించి నవ్వాడు. ఒకడు చెయ్యి ఊపాడు. రాజు చచ్చిపోయే సీను ఇంకా బాగుంటుంది. కెమెరా ఆయన మిషన్లో ఉన్న సొగసులన్నీ అక్కడే వాడాడు. రాజు కన్ను మూయగానే గులాబీ రేకులు రాలతాయి, రెండు హార్టులు రెండు వైపులనుంచీ వచ్చి అతుక్కుంటాయి.

వీటన్నిటికన్నా పేరు తెచ్చుకున్నది కుర్చీ. రాజు కోపంతో సింహాసనం మీదనుంచి లేస్తాడు. మాట అంటాడు. మళ్లీ కూర్చునేటప్పటికి కింద తెల్ల ప్లాస్టిక్ కుర్చీ. దాని వీపు మీద ఎర్ర పెయింటుతో మా అంగడి పేరు.

ఆ సినిమాను మా షామియానాలోనే టీవీ పెట్టి ఆడించాం. కేసెట్టు కేబుల్ వాళ్లకూ ఇచ్చాం. కూర్చున్నవాళ్లు కూర్చున్నారు, లేచిపోయినవాళ్లు లేచిపోయారు. మా ఆయన ఏమీ అనుకోలేదు. "జనాలకు అర్థమయ్యేకి టైం పడతాది" అని కుర్చీల పనిలో పడ్డాడు. వీధిలో అందరూ డైరెక్టరప్పా అని పిలుస్తారు. సగం మంది ఎకసెక్కానికి పిలుస్తారని నాకు తెలుసు. ఆయన మాత్రం ఎవరు పిలిచినా భుజం మీద టవలు సర్దుకుని, నిండుగా పలుకుతాడు.

ఏళ్లు గడిచాయి. ఇప్పుడు మా మిద్దె మీద బాడుగకున్న పిల్లది ప్రొద్దుటూరు. ఇక్కడే కంప్యూటర్ కంపెనీలో పని. ఒక ఆదివారం నేను గుడ్డలు ఆరేయడానికి పైకి పోతే, ఆ పిల్లా స్నేహితులూ టీవీ ముందు పడి పడి నవ్వుతున్నారు. తొంగి చూస్తే మా వంట మాస్టరు కిరీటం పెట్టుకుని ఉన్నాడు! పాత కేసెట్టును ఎవరో నెట్‌లోకి ఎక్కించారంట. వీళ్లకు మాటలన్నీ నోటికొచ్చు. రాజు కన్నా ముందే వీళ్లు అంటున్నారు.

"అవ్వా, ఈ సినిమా చూసినారా ఎప్పుడన్నా?" అంది ఆ పిల్ల, కళ్లనీళ్లు తుడుచుకుంటూ.

"ఆ రాజుకు ముద్దా చారూ పెట్టింది నేనే పాపా. తీసినాయప్ప కింద పేపరు చదువుతా ఉండాడు."

 అంతే, అందరూ చెప్పులు కూడా వేసుకోకుండా దడదడా కిందికి దిగారు. ఆయనతో ఫోటోలు, కాళ్లకు దండాలు. ఆయన పేపరు మడిచి నా వైపు చూసిన చూపు నేను మరిచిపోలేను. "చెప్తి కదా, టైం పడతాదని!"

కొన్నాళ్లకు ఆ పిల్ల వచ్చి, తాత కథనే సినిమా తీస్తానంది. ఆయనను ఏదో పని మీద బయటికి పంపి నేను అడిగాను.

"నవ్వేకి తీస్తాండావా పాపా?"

"నవ్వుతారవ్వా, అబద్ధం ఎందుకు. కానీ ఇష్టంతో నవ్వుతారు. నాకు తాతంటే ఎంత ఇష్టమో మీకు తెలుసు కదా."

తెలుసు. ఆ పిల్లలో మోసం లేదు. కానీ ఈయనకు తెలియదు కదా, లోకం నవ్వుతోందని. జీవితమంతా కుర్చీలు మోయించి, దింపించి, కడిగించిన మనిషి. తనదని చెప్పుకోవడానికి ఆ మూడు సినిమాలే. అవి నవ్వులాట అయ్యాయని తెలిస్తే ఈ వయసులో తట్టుకుంటాడా అని నా భయం. అయినా కాదనలేకపోయాను.

అది అనపకాయల కాలం. సాయంత్రాలు నేను నానబెట్టిన గింజల తొక్క పితుకుతూ చెప్పడం, ఆ పిల్ల ఫోను పక్కన పెట్టుకుని వినడం. ఏ సీనుకు ఎవరు ఏ చొక్కా వేసుకున్నారో నాకు ఇప్పటికీ గుర్తే. మా ఆయన వేషం వేసే అబ్బాయి బక్కపలచగా ఉంటాడు. ఆయన నడక నేర్చుకోవాలని గోడౌనంతా ఆయన వెనకే తిరిగాడు.

"నేను ఇంత సన్నంగా యాడుంటి?" అన్నాడు మా ఆయన.

"ఇంకా సన్నంగుంటివి. పెళ్లిలో మా అమ్మ ఏడ్చింది నిన్ను చూసేగదా" అన్నాను.

కుర్చీ సీను తీసే రోజు అందరం ఆనేకల్ గుట్టకు పోయాం. ఇప్పుడు బండల దాకా ఇళ్లొచ్చేశాయి. మళ్లీ మా షామియానానే వేశారు. బక్కబ్బాయి "యాక్షన్" అన్నాడు. కొత్త రాజు లేచాడు, అరిచాడు, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు.

"కట్!" అన్నాడు మా ఆయన, వెనకనుంచి.

అందరూ తిరిగి చూశారు.

"ఆ కుర్చీ ఏందమ్మా? అప్పుడంటే కుదర్లే. ఇప్పుడు కుదుర్తాది కదా! ఉండు, నేను తెప్పించినా."

నిజంగానే తెప్పించాడు. గుట్ట కింద మా టెంపో వచ్చి ఆగింది. అందులో గోడౌనులోకల్లా పెద్ద సింహాసనం, రెండు వైపులా నెమళ్లున్నది. ఆయన పోయి టవలుతో నెమళ్ల ముక్కులు తుడుస్తూ, "చానా ఏండ్లుగా మనసులో ఉండాది పాపా. ఇన్నాళ్లకు దిద్దుకునేకి చాన్సొచ్చింది" అన్నాడు. ముఖం చిన్నపిల్లవాడి ముఖంలా ఉంది.

ఆ పిల్ల నా వైపు చూసింది. ఆ కుర్చీ లేకపోతే వాళ్ల సినిమాకు ప్రాణమే లేదు. కుర్చీ కావాలంటే ఎందుకో ఆయనకు చెప్పాలి. చెప్పడానికి అక్కడ ఒక్కరికీ నోరు రావడం లేదు. టెంపో డ్రైవరు మాత్రం, "సార్, దించేదా, బేడవా? వద్దంటే చెప్పు సార్" అని అడుగుతూనే ఉన్నాడు.

ఇక నేనే ఆయనను టీ క్యాన్ వెనక్కి పిలుచుకుపోయాను.

"వాళ్లకు ఆ ప్లాస్టిక్ కుర్చీనే కావల్లంట."

"యాల?"

"దాన్ని చూసే నవ్వేది అందరూ."

"ఎవురు?"

"చూసినోళ్లంతా. ఆ పొద్దు మిద్దె మీద నవ్విందీ దానికే."

"మిగతాదానికి?" అన్నాడు.

"సైనికులకు నవ్వుతారు. రాజు చచ్చిపోతే నవ్వుతారు."

"చచ్చిపోతే కూడానా?"

"హార్టులు వస్తాయి కదా."

ఆయన నవ్వలేదు. పోయి టెంపోలో డ్రైవరు పక్కన ఎక్కాడు. సింహాసనం దించకుండానే బండి వెళ్లిపోయింది. ఆ పిల్ల బండ మీద కూలబడి, "ఆపేస్తానవ్వా, నాకొద్దు ఈ సినిమా" అని ఏడ్చింది. నేను ఎవరిని ఓదార్చాలో తెలియక టీ పోశాను.

ఇంటికొచ్చేటప్పటికి ఆయన గోడౌను ముందు పైపు పెట్టి ప్లాస్టిక్ కుర్చీలు కడుగుతున్నాడు. అవి మురికిగా లేవు. పొద్దున్నే కడిగినవే. నేను గడప మీద కూర్చున్నాను.

"బేజారు చేసుకోవద్దప్పా."

"నీకు ముందే తెల్సు."

"తెల్సు. ఎట్ల చెప్పేది?"

ఇంకో కుర్చీ కడిగాడు. "అంతా చెప్తివి కదా ఆ పాపకు. సింహాసనం యాడికి పోయిందో చెప్పినావా?"

చెప్పలేదు. ఆ పిల్ల కుర్చీ ఎలా వచ్చిందని అడిగింది. ఆఖరు రోజు హడావుడిలో వచ్చిందని చెప్పాను. సింహాసనం ఎక్కడికి పోయిందని ఎవరూ అడగలేదు.

ఆ రోజు జరిగింది ఇది. ఆషాఢంలో ఆఖరు రోజు. మర్నాటి నుంచి కెమెరా ఆయనకూ, బ్యాండుకూ, వంట మాస్టరుకూ పెళ్లిళ్ల పనులు. షూటింగ్ మధ్యలో ఆటోలో ఒక జంట వచ్చింది, తడిసిపోయి, పూలదండలు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని. పక్క ఊరు అత్తిబెలెలో సాయంత్రం పెళ్లంట. పెద్దవాళ్లకు ఇష్టం లేదు, ఆగడానికి లేదు. ఆషాఢంలో పెళ్లికి సామానిస్తే అరిష్టమని ఏ అంగడివాళ్లూ ఒక కుర్చీ కూడా ఇవ్వలేదు. ఆ అబ్బాయికి ఎలాగైనా సరే, కానీ ఆ అమ్మాయి సింహాసనం మీద కూర్చుని ఒక ఫోటో దిగాలంది. అంతే అడిగింది.

"ఆషాఢంలో సినిమానే తీస్తాండా, పెళ్లికి ఇయ్యనా?" అని మా ఆయన రాజును లేపేశాడు.

"నేను యాడ కూర్చోవల్ల?" అన్నాడు వంట మాస్టరు, కిరీటం పట్టుకుని.

"దీంట్లో కూర్చో" అని చేతికి అందిన కుర్చీ లాగాడు. పెళ్లి అనేటప్పటికి బ్యాండు వాళ్లు కూడా ఆగలేదు, సగం మంది సైనికులు డోళ్లు తీసుకుని టెంపో ఎక్కేశారు. ఆ తర్వాతి సీన్లో సైన్యం తక్కువగా ఉండేది అందుకే.

ఇదంతా మేమిద్దరం అనుకుంటుండగా ఆ పిల్ల వచ్చి గేటు దగ్గర నిలబడింది. ముఖం ఉబ్బిపోయి ఉంది. "తాతా, సారీ" అంది. ఆయన పైపు కట్టేశాడు.

"కుర్చీ పెట్టుకో. నవ్వితే నవ్వనీ. కానీ సింహాసనం యాడికి పోయిందో అదీ చూపించల్ల. లేకుంటే నాకు డైరెక్షను రాదనుకుంటారు."

ఆ పిల్ల తల ఊపింది, నవ్వు రాకుండా పెదవి కొరుక్కుని. అప్పుడు నేనే ఈ కథంతా చెప్పాను. విని, మెల్లగా, "మరి హార్టులు, తాతా?" అంది.

"అది కెమెరా ఆయప్ప పని. నాకు సంబంధం లేదు."

సినిమా తయారై, ఒక చిన్న హాల్లో మొదటి ఆట వేశారు. నేను తెరను సరిగ్గా చూడనే లేదు, ఈయన ముఖమే చూస్తూ కూర్చున్నాను. కుర్చీ వచ్చింది. హాలంతా ఒక్కసారి గొల్లుమని నవ్వింది. ఆయన మెడ తిప్పి, నవ్వేవాళ్లను ఈ చివరనుంచి ఆ చివరదాకా చూశాడు.  అప్పుడు తెర మీద టెంపో వానలో పోయింది, టార్పాలిన్ కింద సింహాసనం. ఆ జంట కూర్చుంది. పెళ్లికూతురు కొంగు సర్దుకుని నిటారుగా కూర్చుని ఫోటోకు చూసింది. నవ్వులు వాటంతట అవే ఆగాయి. ఎవరో ముక్కు చీదారు. వెంటనే ఎర్ర కోట్ల సైనికులు బురదలో డోళ్లు మోసుకుంటూ యుద్ధానికి తిరిగి పరుగెత్తి వచ్చారు. మళ్లీ నవ్వులు. ఈసారి అందరికన్నా గట్టిగా నవ్వింది మా ఆయనే. నా చెయ్యి చరిచి, "చూడు, వాడు చెప్పు పోగొట్టుకున్నాడు!" అన్నాడు.

బయటికి రాగానే జనం ఆయన చుట్టూ మూగారు. ఆ పిల్ల గోరు కొరుక్కుంటూ ఎదురుగా నిలబడింది.

"తాతా, ఎట్లుంది?"

ఆయన టవలు సర్దుకున్నాడు. "ఫస్టాఫ్ బాగుండాది. సెకండాఫ్ కొంచెం లాగినావు. పర్వాలేదు, మొదటి సినిమా కదా. వస్తాది."

"యాడ లాగింది తాతా?" అని ఆ పిల్ల నిజంగానే అడిగింది.

ఆయన ఆ పిల్లను పక్కకు పిలుచుకుపోయి, గాల్లో చేతులు తిప్పుతూ చెప్పడం మొదలుపెట్టాడు. ఇది ఇప్పట్లో తెమిలేది కాదని నాకు తెలుసు. పిలిచిన ఆటోను పంపించేసి, మెట్ల మీద కూర్చున్నాను.