ఆరు తిప్పుల చీటీ

2022 ఏప్రిల్. నూజివీడులో మైలవరం వెళ్ళే రోడ్డు మీద నా ఆటో ఎలక్ట్రికల్ షాపు. రేకుల షెడ్డు, ముందు చదును చేసిన కాస్త జాగా, దానికి అవతల పక్కవాళ్ళ ప్రహరీ గోడ. అప్పటికి ఇరవై ఏళ్ళుగా కార్లకీ ట్రాక్టర్లకీ వైరింగు, లైట్లు, సెల్ఫ్ మోటార్లు చూస్తున్నాను. సత్యం చెయ్యి పడితే బండి మాట వింటుందని చుట్టుపక్కల పేరు. ఆ పేరు చూసుకుని నాకు పొగరు కూడా ఉండేది. ఆ పొగరు ఎలా దిగిందో ఇప్పటిదాకా మా ఆవిడకి తప్ప ఎవరికీ చెప్పలేదు. చెప్పుకోవడానికి సిగ్గు.

ముందు మా వైపు సంగతి ఒకటి చెప్పాలి. మామిడి సీజన్లో ఇక్కడ కారు కారులా ఉండదు. తోటలున్నవాళ్ళు వెనక సీటు ఊడబీకి ఇంట్లో పడేసి, ఆ జాగాలో కాయల ట్రేలు పేరుస్తారు. డిక్కీలో ఇంకో నాలుగు కుక్కుతారు. వియ్యాలవారికి రసాలు, బ్యాంకు మేనేజరుకి బంగినపల్లి, డాక్టరుగారికి రెండూ. ఎవరికి పంపడం మర్చిపోతే వాళ్ళు ఏడాదంతా మూతి ముడుచుకుంటారు. అంత బరువు పడేసరికి కారు వెనక కుంగి, ముందు మూతి పైకి లేస్తుంది. హెడ్‌లైట్ల వెలుతురు రోడ్డు మీద పడకుండా ఎదురొచ్చేవాడి కళ్ళల్లో కొడుతుంది. వాడు బండి ఆపి మరీ తిట్టి పోతాడు.

దీనికి కారు తయారుచేసినవాళ్ళే ఒక ఏర్పాటు పెట్టారు. స్టీరింగు కింద, డ్రైవరు మోకాలి దగ్గర, సున్నా నుంచి మూడు దాకా అంకెలున్న చిన్న చక్రం ఉంటుంది. దాన్ని లెవెలింగ్ డయల్ అంటాం. బరువు వేసినప్పుడు అంకె పెంచితే, ఒక్కో లైటు వెనకా ఉండే లెవెలింగ్ మోటారు ఆ లైటుని కిందకి వంచుతుంది. బరువు దించాక మళ్ళీ సున్నాకి తెచ్చుకోవాలి. పాత కార్లలో ఈ మోటార్లు చాలావరకు చచ్చిపోయి ఉంటాయి. మార్చాలంటే బంపర్ ఊడదియ్యాలి, ఒక పూట పని. సీజన్లో అంత తీరిక నాకూ లేదు, రైతుకీ లేదు.

అందుకని నేనొక అడ్డదారి పట్టాను. లైటు వెనక అడ్జస్టర్ స్క్రూ ఉంటుంది. లైటు ఎత్తు సరిచెయ్యడానికి పెట్టిన మర అది. కాయలతో నిండిన కారుని గోడకెదురుగా పెట్టి, ఆ స్క్రూని ఐదారు తిప్పులు తిప్పేస్తే వెలుతురు కిందకి దిగుతుంది. పది నిమిషాల్లో బండి పంపేసేవాణ్ణి. సీజను అయిపోయాక జులైలో వస్తే అన్ని తిప్పులూ వెనక్కి తిప్పేసేవాణ్ణి. మావాళ్ళు దీన్ని దింపుడు, ఎత్తుడు అంటారు. ఎన్ని తిప్పులు దించానో మర్చిపోకుండా డయల్ కిందే చిన్న చీటీ అంటించడం నా పద్ధతి. ఈ తెలివికి నన్ను నేనే తెగ మెచ్చుకునేవాణ్ణి.

ఆ ఏప్రిల్లో రంగారావుగారు తన పాత డీజిల్ కారు తెచ్చారు. ఆయనకి మా ఊరికి మూడు కిలోమీటర్లలో మామిడి తోట. ఆయన చేత డయల్ తిప్పించి, లైటు దగ్గర చెవి పెట్టి విన్నాను. మోటారు బతికుంటే సన్నగా మూలుగుతుంది. రెండు పక్కలా చప్పుడు లేదు.

"మోటార్లు పోయాయండీ. సీజనయ్యాక తీరిగ్గా చూద్దాం. ఇప్పటికి దింపేస్తాను," అన్నాను.

"కానియ్యవయ్యా, పొద్దున్నే కాయలు తీసుకెళ్ళాలి," అన్నారాయన.

చీటీ మీద "దింపుడు 6" అని రాసి అంటించాను. జులైలో ఆయన ఎత్తుడుకి రాలేదు. మే నెలాఖర్లో తోటలోనే పక్షవాతం వచ్చి పడిపోయారనీ, కుడి కాలూ కుడి చెయ్యీ పడిపోయాయనీ ఎవరో చెప్పారు. అయ్యో పాపం అనుకున్నాను. కారు సంగతి మాత్రం నా బుర్రకి తట్టలేదు.

ఆగస్టులో ఆ కారు నా షాపు ముందు ఆగింది. డ్రైవరు సీట్లోంచి దిగింది ఆయన భార్య సుభద్రమ్మగారు. యాభై దాటాక, మొగుడి కోసం డ్రైవింగు నేర్చుకుంది ఆవిడ. ఆయన చేతికీ కాలికీ వ్యాయామం చేయించే ఫిజియోథెరపీ డాక్టరు మైలవరంలో సాయంత్రాలే చూస్తాడు. వారానికి మూడుసార్లు తీసుకెళ్ళాలి. మరిది ప్రసాదుగారు పక్కింట్లోనే ఉన్నా, ఆయనకి ఎరువుల కొట్టు ఉంది. ఒకరి తీరిక కోసం కాచుక్కూర్చోవడం ఇష్టం లేక స్టీరింగు తనే పట్టుకుంది. తిరుగు ప్రయాణానికి చీకటి పడుతుంది. రోడ్డుకి రెండు వైపులా తోటలే.

"సత్యం, రోడ్డు కనపడట్లేదయ్యా. వెలుతురంతా నా కాళ్ళ దగ్గరే పడుతున్నట్టుంది," అంది.

మిట్టమధ్యాహ్నం. లైట్లు వేయించి చూశాను, రెండూ భేషుగ్గా వెలుగుతున్నాయి. గుడ్డ పెట్టి అద్దాలు తుడిచాను.

"లైట్లకేం లేదమ్మా. కొత్త కదా, భయానికి అలా అనిపిస్తుంది. నాలుగు రోజులు నడిపితే అదే సర్దుకుంటుంది."

వెలుతురంతా కాళ్ళ దగ్గరే పడుతోంది. ఇంతకంటే స్పష్టంగా నా తోటి మెకానిక్కు కూడా చెప్పలేడు. జబ్బేంటో ఆవిడే చెప్పేసింది. వినాల్సిన వెధవని నేను వినలేదు.

పది రోజులకి మళ్ళీ వచ్చారు. ఈసారి నడుపుతున్నది ప్రసాదుగారు, ఆవిడ పక్క సీట్లో ఉంది. బంపర్ ఎడమ మూల నొక్కుకుపోయింది. ముందురోజు సాయంత్రం మలుపు దగ్గర రోడ్డు పక్కన పోసిన కంకర కుప్ప మీదకి ఎక్కించిందట. కుప్ప పక్కన సైకిలు నడిపించుకుంటూ పోతున్న మనిషి జానెడు దూరంలో తప్పించుకున్నాడు. కార్లో రంగారావుగారు కూడా ఉన్నారు.

"హై బీమ్ వేసినా అంతేనయ్యా. దగ్గరికి వెళ్ళేదాకా కుప్ప ఉన్నట్టే తెలియలేదు," అంది. హై బీమ్ అంటే దూరం చూపించే పెద్ద వెలుతురు. లైటే కిందకి వంగి ఉంటే అది మాత్రం ఎంత దూరం పోతుంది?

నేను బానెట్ ఎత్తి, కాస్త ఎక్కువ వెలిగే కొత్త బల్బులు వేస్తున్నాను. ఆవిడ దిగి ఇటు వచ్చి, ప్రసాదుగారు దిగిన డ్రైవరు సీటు వైపు వంగి చూస్తోంది.

"ఇక్కడేదో చీటీ ఉంది. ఆరు అని రాసుంది. ఏంటయ్యా ఇది?"

నేను తల కూడా ఎత్తలేదు. "అవన్నీ మెకానిక్కుల రాతలమ్మా, మీకెందుకు?"

షాపులో టీ తాగుతున్న ఇద్దరు ట్రాక్టరు డ్రైవర్లు నవ్వారు. వాళ్ళు నవ్వారు కదా అని నాకు ఊపొచ్చింది. ప్రసాదుగారి వైపు తిరిగి అన్నాను: "ఓసారి అమ్మగారికి కళ్ళు చూపించండి. ఈ వయసులో చీకట్లో చూపు ఆనదు. అందాకా బండి ఆవిడ చేతికివ్వకండి. పెద్దాయన్ని కూడా ఎక్కించుకుని వెళ్తున్నారు, ఏదన్నా అయితే?"

ఆవిడ నా వైపు చూడలేదు. సంచిలోంచి రెండో తాళం తీసి మరిది చేతిలో పెట్టి, వెళ్ళి పక్క సీట్లో కూర్చుంది.

నవంబరులో ప్రసాదుగారు ఆ కారుని ట్రాక్టరుకి తాడు కట్టి లాక్కొచ్చారు. బ్యాటరీ దిగిపోయింది.

"వదిన నడపట్లేదుగా, ఊరికే పడుంటోంది. అమ్మేద్దామనుకుంటున్నాం. కొనేవాడు అన్నీ తిప్పి చూస్తాడు, ఆ డయల్ కూడా పనిచేసేలా చెయ్యి," అని పెట్టి వెళ్ళారు.

సరే అని వేరే బ్యాటరీ వేసి మొదలుపెట్టాను. ఫ్యూజు బాగానే ఉంది. ఎడమ మోటారు కనెక్టరు, అంటే వైర్లు కలిసే గొట్టం, తుప్పు పట్టి పచ్చబడిపోయింది. కుడి మోటారు లోపల పళ్ళు అరిగిపోయాయి. ఇక డయల్ దాకా కరెంటు వస్తోందో లేదో చూద్దామని టార్చి పట్టుకుని స్టీరింగు కిందకి తల దూర్చాను. ముక్కుకి ఎదురుగా చీటీ. దింపుడు 6. నా చేతిరాత.

తల కొట్టేసినట్టయింది. అక్కడే, కారులో సగం బయట సగం లోపల, ఎంతసేపు ఉండిపోయానో తెలీదు. ఆవిడ వేలు పెట్టి చూపించిన చీటీ అదే.

అప్పుడు చేశాను మొదటిరోజే చెయ్యాల్సిన పని. టైర్లలో గాలి సరిచేసి, కారుని గోడకి ఇరవై ఐదు అడుగుల దూరంలో నిలబెట్టి, సీట్లో ఒక మనిషిని కూర్చోబెట్టి లో బీమ్ వేయించాను. వెలుతురు పై అంచుని కటాఫ్ లైన్ అంటాం. అది గోడ మీద లైటు ఎత్తుకి కాస్త దిగువన పడాలి. గోడ మొదట్లో, గడ్డి మీద పడింది. కాయల బరువుతో దించిన లైటు అది. ఆ బరువు తీసేశాక వెనక లేచి, మూతి ఇంకా వంగింది. ఆ వెలుతురుతో రెండు కార్ల పొడవు దాటి ఏమీ కనపడదు. నేనైనా కంకర కుప్ప మీదకి ఎక్కించేవాణ్ణే.

ఆరు తిప్పులూ వెనక్కి తిప్పాను. మోటార్లు మార్చాను. సాయంత్రం ప్రసాదుగారు వచ్చి గోడ మీద పడ్డ వెలుతురు చూసి, "అబ్బో, ఏం చేశావ్?" అన్నారు.

"మోటార్లు పోయాయండీ, మార్చాను," అన్నాను. మిగతాది దాచేశాను. "కళ్ళ డాక్టరు ఏమన్నాడండీ?" అనడిగాను, ఏమీ ఎరగనట్టు.

"చూపు బాగానే ఉందన్నాడు. అయినా మేమే వద్దన్నాం. అన్నయ్యని నా బండిలో నేను తీసుకెళ్తున్నాలే, నెలకోసారో రెండుసార్లో, కుదిరినప్పుడు."

వారానికి మూడుసార్లు వెళ్ళాల్సిన మనిషి. ఆ రాత్రి కంచం ముందు కూర్చుని కలిపిన అన్నమే మళ్ళీ మళ్ళీ కలుపుతున్నాను. మా ఆవిడ ఏంటని అడిగితే చెప్పాను. "రేపు పొద్దున్నే వెళ్ళి ఆవిడకి చెప్పిరా. చెప్పేదాకా నాతో మాట్లాడకు," అని లేచి వెళ్ళిపోయింది.

పొద్దున్నే వెళ్ళాను. సుభద్రమ్మగారు వసారాలో పీట వేసుకుని కూర్చుని, కుర్చీలో ఉన్న ఆయన కుడి చేతిని వేడినీళ్ళల్లో ముంచి, వేళ్ళు ఒక్కొక్కటీ విప్పుతోంది. విప్పిన వేలు వదలగానే మళ్ళీ ముడుచుకుపోతోంది. నేను గడప దగ్గరే నిలబడి మొత్తం చెప్పాను. ఏప్రిల్లో దించింది, ఎత్తడం మర్చిపోయింది, నిన్న ప్రసాదుగారికి చెప్పిన అబద్ధంతో సహా.

"ఆరు అంటే అదా?" అంది.

"అదేనమ్మా."

"నేను అడిగానయ్యా నిన్ను."

"అడిగారమ్మా."

ఆవిడ ఆయన చేతిని నీళ్ళల్లోంచి తీసింది. దాన్ని తుడుస్తూ అంది: "డాక్టరు బాగున్నాయన్నా నా కళ్ళని నేను నమ్మలేదు. ఇరవై ఏళ్ళుగా పనిచేస్తున్నవాడు ఊరికే అంటాడా అనుకున్నా. బియ్యంలో రాళ్ళు ఏరుతున్నా అనుమానమే, వదిలేస్తున్నానేమో అని."

కేకలేసినా బాగుండేది. కాళ్ళు పట్టుకోబోయాను, వద్దని చెయ్యి అడ్డం పెట్టింది. "నా కాళ్ళెందుకు? ఆ రోజు ఎవరి ముందు అన్నావో వాళ్ళ ముందు చెప్పు," అని గోడ మీంచి మరిదిని కేకేసింది.

ప్రసాదుగారు వచ్చారు. చెప్పాను. "నిన్న మోటారన్నావు కదయ్యా!" అన్నారు.

"మోటార్లూ పోయాయండీ. కానీ దించింది నేను, ఎత్తనిది నేను. అమ్మగారి కళ్ళు బాగున్నాయి, డ్రైవింగూ బాగుంది. తప్పంతా నాది."

ఆవిడ మరిది ముందు చెయ్యి చాపింది. ఆయన జేబులోంచి తాళం తీసి ఆ చేతిలో పెట్టారు. "ఏమనుకోకు వదినా," అన్నారు. ఆవిడ తాళం కొంగున ముడేసుకుని నాతో అంది: "ఆగస్టులో ఈయన ఈ చేత్తో గ్లాసు పట్టుకున్నారు సత్యం. ఇప్పుడు పట్టుకోలేకపోతున్నారు." కోపంగా అనలేదు, జరిగింది చెప్పినట్టే అంది. రంగారావుగారు నన్ను చూసి ఎడమ చెయ్యి ఎత్తి, కూర్చోమన్నట్టు బల్ల చూపించారు. నేను కూర్చోలేకపోయాను.

షాపుకి వచ్చాక ఆ టీ తాగే డ్రైవర్లిద్దరికీ కూడా చెప్పాను. వాళ్ళు ఈసారి నవ్వలేదు, నవ్వినా బాగుండును.

ఆ ఏడాదితో దింపుడు మానేశాను. తీరిక లేదన్నవాళ్ళని వేరే షాపు చూసుకోమంటున్నాను. పక్కవాళ్ళని అడిగి గోడ మీద, వెలుతురు పై అంచు పడాల్సిన ఎత్తులో, తెల్ల గీత గీశాను. ఎవరన్నా వచ్చి కనపడట్లేదంటే పానా పట్టుకునే ముందు ఒక్క మాట అడుగుతాను, "ఎక్కడిదాకా కనపడుతోందండీ?" ఆ ఒక్క మాట ఆ ఆగస్టులో అడిగుంటే సరిపోయేది.

సుభద్రమ్మగారు ఆ మరుసటి వారం నుంచే మళ్ళీ మైలవరం తీసుకెళ్ళడం మొదలుపెట్టింది. ఏడాది తిరిగేసరికి రంగారావుగారికి మూడు వేళ్ళు విచ్చుకున్నాయి. బొటనవేలు రాలేదు. ఇప్పటికీ గ్లాసు ఆవిడే పట్టి తాగిస్తుంది.

కారుకి ఏమొచ్చినా ఇప్పటికీ నా దగ్గరికే తెస్తుంది. పని అయ్యాక నేను అంతా సరిగ్గా ఉందంటాను. ఆవిడ సరేనని తల ఊపి, స్టీరింగు కిందకి వంగి చీటీ ఏమన్నా ఉందేమో చూస్తుంది. తర్వాత కారుని గోడకెదురుగా పెట్టుకుని, లైట్లు వేసి, దిగి వచ్చి వెలుతురు గీత మీద పడిందో లేదో తన కళ్ళతో చూసుకుంటుంది. అంతసేపూ నేను పక్కన నిలబడి ఉంటాను. ఆవిడ చూసుకుని సరే అన్నాకే ఇంకో బండి దగ్గరికి వెళ్తాను.