జోగిపేట వారి పెళ్లి డిస్కు

పటాన్‌చెరులో దుర్గాప్రసాద్ పెళ్లిళ్లకు వీడియో తీసేవాడు. తీసినదాన్ని తమ షాపులో కూర్చి డిస్కు చేసేది అతని భార్య ఇంద్రజ. పెళ్లయిన కొత్తలో కంప్యూటరు ముట్టుకోవడానికే భయపడిన మనిషికి మిక్సింగ్ నేర్పింది అతనే. తర్వాత తర్వాత ఆమే అతణ్ణి కోప్పడేది.

"షూటింగులో మాట్లాడకండీ అంటే వినరు కదా! మంత్రాల మీద మీ గొంతు పడితే నేనెలా తియ్యను?"

అతను నవ్వి ఊరుకునేవాడు. మళ్లీ పెళ్లికి వెళ్తే మళ్లీ అదే తంతు.

మాఘమాసంలో సంగారెడ్డి ఫంక్షన్ హాల్లో, జోగిపేట వ్యాపారి విశ్వేశ్వర్ కూతురి పెళ్లి తీస్తూ దుర్గాప్రసాద్ కుప్పకూలిపోయాడు. ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. గుండె ఆగిందన్నారు. లైటు పట్టే అనిల్ పగిలిన కెమెరాను సంచిలో తెచ్చి, వాకిట్లో దించి వెళ్లిపోయాడు.

కర్మకాండ ముగిసినా ఇంద్రజ షాపు షట్టర్ ఎత్తలేదు. ఒకరోజు పొద్దున విశ్వేశ్వరే ఇంటికి వచ్చాడు. కుర్చీ అంచున కూర్చున్నాడు.

"అడగనీకె నోరొస్తలేదమ్మా. మా అమ్మ మంచంల ఉన్నది. మనుమరాలి పెండ్లికి రాలేకపొయింది. సెల్లుల సూపిస్తె కండ్లకు ఆనుతలేదు. టీవీకి డిస్కు పెడితెనే సూస్తది. ఉన్నకాడికి చేసిస్తవా?"

"చేస్తానండీ."

"ఇంకోటి..." ఆయన తల దించుకున్నాడు. "ఆయన పడ్డది గిన అండ్ల రానియ్యకమ్మా. మా బిడ్డ ఇప్పటికీ ఏడుస్తనే ఉన్నది."

మర్నాడు ఇంద్రజ షాపు తెరిచి, కెమెరా కార్డులోని ఫైళ్లన్నీ కంప్యూటరులోకి ఎక్కించింది. డిస్కు తయారుచేసే సాఫ్ట్‌వేర్ అన్నింటినీ తీసుకుంది గానీ, చివరిదాన్ని మాత్రం తీసుకోలేదు. ఫైలు చెల్లదని ఎర్రగా చూపించి ఊరుకుంది. పుస్తె కట్టిన ఘట్టం అందులోనే ఉంది.

పేరు మార్చి చూసింది. వేరే ఫోల్డరులో పెట్టి చూసింది. వేరే రకం ఫైలుగా మార్చబోతే అదీ కుదరలేదు. ఫైలు సైజు మాత్రం పెద్దగానే ఉంది. అంటే బొమ్మ లోపలే ఉంది, తలుపు తెరుచుకోవడం లేదు.

కెమెరా కింద పడ్డప్పుడు బ్యాటరీ ఊడి ఉంటుందని అప్పుడు తట్టింది. రికార్డింగు ఆపినప్పుడే కెమెరా ఫైలును ముగించి మూస్తుంది. ఆపే మనిషే లేడు. ఇలాంటిదాన్ని బాగుచేయాలంటే, అదే కెమెరాతో అలాగే తీసిన మంచి ఫైలును నమూనాగా చూపించాలని దుర్గాప్రసాద్ ఒకప్పుడు చెప్పాడు. ఎదురుకోళ్ల ఫైలును నమూనాగా ఇచ్చి, బాగుచేసే సాఫ్ట్‌వేర్ నడిపింది. బొమ్మ వచ్చింది, కానీ మాట ముందు, పెదవి వెనక. దాన్నీ సరిచేసి, డిస్కుకు సరిపోయే రకంలోకి మార్చాక డిస్కు సాఫ్ట్‌వేర్ తీసుకుంది.

అప్పుడు మొదటి నుంచి చూసింది. పంతులు మంత్రాలు, మేళం, వాటి మీద అతని గొంతు. "అమ్మా, తల కొంచెం ఎత్తండి... బాబూ, చెయ్యి అడ్డొస్తోంది... ఆఁ, అంతే." తర్వాత మాటల్లేవు, మైకుకు దగ్గరగా బరువైన ఊపిరి తప్ప. మూడో ముడి పడేదాకా ఫ్రేము కదల్లేదు. పడ్డాక మెల్లగా పక్కకు ఒరిగి, ఎవరివో పట్టుచీర కుచ్చిళ్లు కనిపించి, చీకటైపోయింది.

"మా ప్రసాదు గొంతు కదూ?"

ఇంద్రజ తిరిగి చూసింది. క్యారేజీ పట్టుకుని అత్తగారు నాగేశ్వరి గుమ్మంలో నిలబడి ఉంది.

"అవునత్తయ్యా."

"ఏమంటున్నాడు?"

"పెళ్లికూతుర్ని తలెత్తమంటున్నారు."

"ఇంకోసారి పెట్టమ్మా."

పెట్టింది. ఆవిడ స్పీకరు మీద చెయ్యి ఆనించి చివరిదాకా విన్నది. "ఆ పూట భోంచేశాడో లేదో," అంది.

ఇంద్రజ ఆవిడ చేతిలోని క్యారేజీ అందుకుంది. పెళ్లి వీడియో తీసేవాళ్లు మిగతావాళ్లందరూ తిన్నాకే తింటారు.

ఆ ఘట్టం కింద శబ్దమంతా తీసేసి, మరో ఫైలులోని మేళం పరిచింది. మూడో ముడి దగ్గర కోసి, పెళ్లివారు సెల్లుల్లో తీసుకున్న తలంబ్రాల ఫొటోలు అతికించింది. ఎక్కడా అతుకు కనిపించలేదు. వారం తిరక్కుండానే విశ్వేశ్వర్ ఫోన్ చేశాడు.

"మా అమ్మ దినాం పెట్టుమంటున్నదమ్మా. మేళం మంచిగ వినొస్తున్నదంట."

"మంచిదండీ," అంది ఇంద్రజ.

ఎండాకాలంలో ఆమె షాపు ఖాళీ చేసింది. ఇప్పుడు సంగారెడ్డిలో వేరేవాళ్ల స్టూడియోలో మిక్సింగ్ చేస్తోంది. పొద్దున్నే బస్సెక్కి వెళ్లి, దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరుతుంది. ఆమె పని శుభ్రంగా ఉంటుందని అక్కడివాళ్లు మెచ్చుకుంటారు. ఇంట్లో అత్తాకోడళ్లిద్దరూ పెందలాడే తిని, పెందలాడే పడుకోవడం అలవాటు చేసుకున్నారు.