ఆకుపచ్చ టిక్కు

అట్టపెట్టెల కంపెనీ యజమాని కోపం ఆయనకంటే ముందే గేటు దాటుతుంది. మెట్ల మీద చెప్పుల చప్పుడు వినపడగానే పనివాళ్ల మాటలు ఆగిపోతాయి. ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ ఓ ఆకుపచ్చ పెన్ను ఉంటుంది. ఏ ఆర్డరైనా సరే, మొదటి పెట్టె మీద ఆ పెన్నుతో ఆయన టిక్కు పెడితేనే మెషీన్ తిరగాలి. ముప్పై మంది ఉన్నా అన్నీ నేనే చూసుకోవాల్సి వస్తోందని రోజుకు పదిసార్లు విసుక్కుంటాడు.

ఒకరోజు ఆయన పన్ను పీకించుకుని, వాచిన బుగ్గతో మధ్యాహ్నానికి వచ్చేసరికి మెషీన్ ఆగి ఉంది. అందరూ ఖాళీగా కూర్చున్నారు. బల్ల మీద మొదటి పెట్టె టిక్కు కోసం ఎదురుచూస్తోంది. నోట్లో దూదితోనే విరుచుకుపడ్డాడు. "బుర్రలు ఇంట్లో పెట్టి వచ్చారా? ఒక్కరికీ సొంతంగా తోచి చావదా?" పన్నెండేళ్లుగా అక్కడే పనిచేస్తున్న సూపర్‌వైజరమ్మ లేచింది. "పోయిన నెల నాకు తోచింది సార్. పెట్టె బాగుందని నేనే మెషీన్ నడిపించా. 'ఇక్కడ ఓనరు నువ్వా, నేనా' అని అందరి ముందూ ఆ పెట్టెని చింపి నా కాళ్ల దగ్గర పడేశారు. అందులో తప్పేంటో ఇప్పటికీ చెప్పలేదు." ఆయన మొహం జేవురించింది. పెన్ను తీసి ఆమె ముందు విసిరికొట్టాడు. "అయితే నువ్వే ఏలుకో!" ఆమె టిక్కు పెట్టింది. మెషీన్ కదిలింది. గదిలోకి వెళ్లి ధడాలున తలుపేసుకున్నవాడు పది నిమిషాలకే మళ్లీ వచ్చి, ఆ పెట్టెని వెలుతురులో తిప్పి తిప్పి చూశాడు. ఎంత వెతికినా తప్పు దొరకలేదు. "టిక్కు వంకరగా ఉంది!" అని అరిచాడు. ఆమె పెన్నుకి మూత బిగించి, తన యూనిఫాం కోటు జేబులో పెట్టుకుంది.