రీతిగౌళ దగ్గర ఖాళీ పేజీ

మొన్న మా ఇంటికి కొత్త ఫ్రిజ్ వచ్చింది. తెచ్చినవాళ్ళు ప్లగ్గు పెట్టి వెళ్ళిపోగానే వంటింట్లో సన్నగా, తెంపు లేకుండా ఒక హోరు మొదలైంది. మా ఆయన మొహం చిట్లించి, "ఇదేం చప్పుడు? రిటర్న్ చేసేద్దామా?" అన్నాడు. నేను మాత్రం గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. అది అచ్చం సుభద్ర ఆంటీ శ్రుతిపెట్టె. కళ్ళు మూసుకుంటే చాలు, ఆంటీ వంటింట్లో ఎత్తు స్టూల్ మీద కూర్చుని ఉన్నాను, నా ముందు కాఫీ పొగలు కక్కుతోంది. "వద్దు, ఉండనీ" అన్నాను. కారణం చెప్పలేదు. చెబితే మేఘ గురించి కూడా చెప్పాలి, మేఘ పేరెత్తితే నాకు ఇప్పటికీ గొంతు కింద చురుక్కుమంటుంది.

ఈ దేశం వచ్చిన కొత్తలో, కమ్మింగ్ అనే ఊళ్ళో ఆంటీది మా పక్కిల్లే. రాజమండ్రి ఆవిడ. శనివారాలు బేస్‌మెంట్‌లో పిల్లలకు సంగీతం చెప్పేది. నేను ఇంటర్ తప్పి చదువు ఆపేసినదాన్ని, డిపెండెంట్ వీసా మీద వచ్చి ఇంట్లో కూర్చున్నదాన్ని. రెండోసారి డ్రైవింగ్ టెస్ట్ తప్పిన రోజు మా మెట్ల మీద కూర్చుని ఏడుస్తుంటే ఆంటీ చూసి లోపలికి లాక్కెళ్ళింది. కాఫీ ఇచ్చింది, స్పీకర్‌లో వయొలిన్ పెట్టింది. అది వింటే ఏడుపు ఇంకా ఎక్కువైంది.

"ఆంటీ, ఏదన్నా హుషారుది పెట్టొచ్చు గదా?"

"ఏడుపొచ్చినప్పుడు ఏడుపుతోనే కాసేపు కూర్చోవాలే. హుషారుది రేపు పెడతాను. ముందు ఇది చెప్పు, ఎక్కడ తగిలింది?"

నాకేం తెలుసు! నోటికొచ్చింది చెప్పాను. "ఫోన్ పెట్టేసినాక కూడా చెవి దగ్గరే పట్టుకుని కూర్చున్నట్టుంది ఆంటీ."

ఆంటీ నన్నో క్షణం చూసి, సొరుగులోంచి నీలం అట్ట నోట్‌బుక్ తీసి 'శుభపంతువరాళి' అని రాసుకుని, దాని కింద నా మాట రాసింది. నా మాట! పరీక్ష పేపర్లో తప్ప నేను చెప్పింది ఇంకొకరు కాగితం మీద చూడటం అదే మొదలు. పైగా ఈ పుస్తకంలో ఎర్ర ఇంకు లేదు.

మర్నాడు మోహన పెట్టింది. "ఆదివారం తలంటుకుని ఎండలో జుట్టు ఆరబెట్టుకున్నట్టుంది" అన్నాను. ఆంటీ పడీపడీ నవ్వింది. అలా రోజూ పదింటికి ఒక రాగం, ఒక కాఫీ, నోట్‌బుక్‌లో ఒక పేజీ. నేను గుమ్మంలోకి రాగానే నా మొహం చూసి, ఆ రోజుకి ఏది పెట్టాలో ఆంటీయే తేల్చేది. రాగం పేరు మాత్రం విన్నాకే చెప్పేది. "పేరు తెలిస్తే చెవి బద్ధకిస్తుందే" అనేది. శనివారాలు క్లాసుకి జంపఖానాలు పరిచి, శ్రుతిపెట్టె ఆన్ చేసే పని నాదే. ఆ ఇంట్లో అది నా ఉద్యోగమని నాకు నేనే అనుకున్నాను.

అప్పుడు వచ్చింది మేఘ. ఇక్కడే పుట్టిన పిల్ల, కాలేజీ చదువుతూ వారాంతాలకు ఇంటికొచ్చేది. చిన్నప్పుడు ఆంటీ దగ్గరే నేర్చుకుందట. శనివారం క్లాసయ్యాక కాఫీకి పైకొచ్చి, సరిగ్గా నా పక్క స్టూల్ ఎక్కి కూర్చుంది. వయొలిన్ కమాను ఇంకా రెండుసార్లు కదిలిందో లేదో, "ఆంటీ, ఇది సహాన, రైట్?" అంది.

"భలే పట్టావే బంగారూ!"

బంగారం! నాకు ఎప్పుడూ 'ఏవే సునీతా' తప్ప ఇంకో పిలుపు లేదు. ఆ రోజు కాఫీలో చక్కెర తక్కువైందో నా మొహమే అలా ఉందో గానీ, ఆంటీ "ఏం, చేదుగా ఉందా?" అని రెండుసార్లు అడిగింది. మేఘ మంచి పిల్లే, అదే నా బాధ. "అక్క, నీ చెవికమ్మలు సో క్యూట్" అనేది. తిట్టుకుందామంటే సందు ఇచ్చేది కాదు.

నేనేం చేశానంటే, నెల రోజులు ఇంట్లో తలుపేసుకుని, ఫోన్‌లో రాగాల పేర్లు బట్టీ పట్టాను. ఇది ఇలా మొదలైతే ఫలానా, అలా తిరిగితే ఫలానా అని. ఇంటర్‌కి ఇలా చదివి ఉంటే పాసయ్యేదాన్ని. ఒక శనివారం ఆంటీ స్పీకర్ నొక్కింది. నేను ముందుకు వంగి, ఊపిరి బిగబట్టి, మేఘ నోరు తెరవకముందే అరిచాను.

"రీతిగౌళ!"

"వావ్ అక్క!" అంది మేఘ, చప్పట్లు కొట్టి.

ఆంటీ చప్పట్లు కొట్టలేదు. చివరిదాకా వినిపించి, నోట్‌బుక్ తెరిచి పేరు రాసి, కలం పట్టుకుని నావైపు చూసింది. "ఊఁ, ఎక్కడ తగిలింది?"

ఎక్కడా తగల్లేదు. నేను వింటే కదా! పేరు దొరికిన క్షణం నుంచీ మేఘ మొహమే చూస్తూ కూర్చున్నాను. ఆంటీ కలానికి మూత పెట్టింది.

"పేర్లు పట్టడానికి మేఘ ఉందిగదే. నువ్వూ మేఘవైపోతే నాకు సునీత ఎక్కణ్ణుంచి వస్తుంది?"

ఈ రోజు ఆ మాట తలుచుకుంటే ఎంత ముద్దు ఉందో అందులో. ఆ రోజు నాకు వినపడింది మాత్రం 'మేఘ ఉంది' అన్న ముక్క ఒక్కటే. "కుక్కర్ పెట్టాలి ఆంటీ" అని చెప్పులు వేసుకుని వచ్చేశాను. వచ్చేశానంటే, వాళ్ళ మెట్ల దాకా. అక్కడ నిలబడ్డాను. ఎవరూ పిలవలేదు. లోపల అదే రాగం మళ్ళీ మొదలైంది.

వారం రోజులు ఆ గడప తొక్కలేదు. శుక్రవారం ఆంటీయే వచ్చి, ఏమీ జరగనట్టు, "రేపు జంపఖానాలు ఎవరు పరుస్తారే?" అంది. వెళ్ళాను. రీతిగౌళ మాత్రం ఆంటీ మళ్ళీ పెట్టలేదు, నేనూ అడగలేదు.

రెండేళ్ళకి ఆంటీ కొడుకు దగ్గరికి, ఫార్మింగ్టన్ హిల్స్‌కి వెళ్ళిపోయింది. వెళ్ళేముందు సామాన్లు పంచింది. నాకు జంపఖానాలు, శ్రుతిపెట్టె. నీలం నోట్‌బుక్ మేఘకి. ఉండబట్టలేక అడిగేశాను.

"ఆంటీ, అందులో ఉన్నయన్నీ నా మాటలు గదా?"

"అవి నీ నోట్లో ఉన్నాయే. మేఘకే కావాలి పుస్తకం" అంది, నా బుగ్గ గిల్లి.

నా మనసేం సర్దుకోలేదు. శ్రుతిపెట్టెకి కూడా నా కోపం తగిలిందేమో, ఏడాదికే మూగపోయింది.

ఫ్రిజ్ వచ్చిన సాయంత్రమే మేఘ ఫోన్ చేసింది. ఇప్పుడు సన్నీవేల్‌లో ఉద్యోగం, వారాంతాలు నలుగురు పిల్లలకు పాఠం చెబుతోందట. "అక్క, ఆంటీ నోట్‌బుక్‌లో రీతిగౌళ పేజీ బ్లాంక్‌గా ఉంది. పైన పేరు, కింద నథింగ్. ఆంటీకి కాల్ చేస్తే, 'అది సునీత పేజీ, దాన్నే అడుగు' అంది."

ఇన్నేళ్ళూ ఆ పేజీని నాకోసం అట్టే పెట్టిందన్నమాట. "పెట్టు, ఒకసారి వింటా" అన్నాను. మేఘ ఫోన్ స్పీకర్ దగ్గర పెట్టింది. ఇక్కడ ఫ్రిజ్ హోరు, అక్కడ వయొలిన్. ఈసారి చివరిదాకా విన్నాను.

"రాసుకో. అలిగి చెప్పులేసుకుని బయటికొచ్చి, వెనక్కి పిలుస్తారేమోనని మెట్ల మీదే నిలబడ్డట్టుంది."

అటువైపు కలం గీస్తున్న చప్పుడు ఆగింది. "అక్క... ఆ రోజు నేను విండోలోంచి చూశా. పిలుద్దామని లేచాను కూడా. ఆంటీ వద్దంది. 'ఉండనీ, వింటోంది' అని మళ్ళీ ప్లే చేసింది."

ఇప్పుడు ఎవరిమీదైనా కడుపు మండినప్పుడు నన్ను నేను అడుగుతాను, ఎక్కడ తగిలిందే అని. జవాబు వచ్చేసరికి మంట కాస్త తగ్గుతుంది. అయినా నిజం చెప్పొద్దూ, ఆ నోట్‌బుక్ మేఘ దగ్గరుందంటే మాత్రం నాకు ఇంకా చురుక్కుమంటూనే ఉంది.