బుడగలు ఆగేదాకా

పొద్దుటి నుంచి మూడుసార్లు సబ్బుతో కడిగినా చేతుల డీజిల్ వాసన పోలేదు. పోకపోతే పోనీ, అది మా అమ్మ వాసన.

అప్పట్లో ఇంట్లో డీజిల్ కారున్నవాళ్లకి గుర్తుందా? ట్యాంకు ఒక్కసారి ఖాళీ అయితే గొట్టాల్లో గాలి చేరేది. మళ్లీ డీజిల్ పోసినా ఇంజను స్టార్టయ్యేది కాదు.

నా చిన్నప్పుడు చీడికాడ పెళ్లికి వెళుతుంటే అదే జరిగింది. నాన్న డబ్బాతో డీజిల్ తెచ్చారు. అమ్మ పాత నేతచీర ముక్క గరాటులో పరిచి వడగట్టి పోసింది. తర్వాత పట్టుచీర కొంగు దోపుకుని బానెట్ ఎత్తింది. చెరుకు బండి ఆపుకుని చూస్తున్న ఒకాయన నవ్వాడు.

"ఆడోళ్లు కారు బాగుసేత్తారేటి, బావా?" అని నాన్నని అడిగాడు.

జవాబు అమ్మే చెప్పింది. "గాలి తియ్యడానికి మీసాలెందుకన్నయ్యా, సెయ్యి సాలదేటి?"

ఫిల్టరు మీది మర వదులు చేసి, దాని పక్కనే ఉండే చిన్న చేతిపంపు నొక్కుతూనే ఉంది. మర సందులోంచి ముందు నురగ వచ్చింది, తర్వాత బుడగలు, చివరికి బుడగల్లేని ధార. మర బిగించింది. ఇంజను అందుకుంది.

ఈరోజు పూడిమడక రోడ్డులో నా కారు ఆగింది. తప్పు నాదే, డీజిల్ ముల్లు చూసుకోలేదు. డీజిల్ పోసినా స్టార్టవలేదు. పిలిపించిన మెకానిక్ వస్తూనే బంపరుకి తాడు కట్టేశాడు.

"పాత డీజిల్ బండి మేడమ్, తుక్కుకిచ్చేయండి. మీరలా కూకోండి, లాక్కెళ్లిపోతాం."

"కూకోను. స్పానరు ఇలాగియ్యి" అన్నాను.

బుడగలు ఆగేదాకా నొక్కాను. ఇంజను మోగింది. తాడు విప్పి, చుట్టచుట్టి, అతని చేతికే ఇచ్చాను.