తొమ్మిదో గ్రీన్ వంతు

డాక్టరు నన్ను అంకుల్ మనవరాలనుకున్నాడు. మేమిద్దరం కాదనలేదు. ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. కూర మాడిన విషయం కూడా రాసుకునే నా డైరీలో సైతం దీన్ని రాయలేదు.

మనవరాలనుకున్నాడు కాబట్టే, తోడు వెళ్లిన నా ముందే డాక్టరు చెప్పేశాడు. గుండె బాగా బలహీనపడింది, ఆపరేషన్‌కు తట్టుకోదు, వచ్చే ఏడాది గురించి పెద్దగా ఆశ పెట్టుకోవద్దు అని. ఆయన తలూపారు. బయటికొచ్చాక, "మా అమ్మాయికి చెప్పొద్దు. కమిటీలో అసలే చెప్పొద్దు. పద, మాకన్‌కి పోదాం, ఆకలేస్తా ఉంది" అన్నారు. మాకన్ అంటే మలయ్‌లో తిండి. తిండి కొట్లన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్‌లో నూడుల్స్ తీసుకున్నాం. ఆయన తిన్నారు. నేను కెలుకుతూ కూర్చున్నాను.

కంప్యూటర్ కోర్సు చేసినవాళ్లందరూ విమానాలెక్కుతున్న రోజులవి. నేనూ ఎక్కి సింగపూర్‌లో దిగాను. టోవా పాయోలో నలుగురు అమ్మాయిలతో కలిసి ఒక ఫ్లాట్లో ఉండేదాన్ని. మా కంపెనీ తంజోంగ్ పగార్‌లో. ఏదో బ్యాంకు పని ఇస్తారనుకుంటే, సెంబవాంగ్‌లో రిటైరైనవాళ్లు ఉండే ఒక కాలనీకి పంపారు. ఆ కాలనీకి తొమ్మిది గుంతల చిన్న గోల్ఫ్ మైదానం ఉంది. ఏ గడ్డికి ఎప్పుడు నీళ్లు పెట్టాలి, ఎప్పుడు కోయాలి అన్నదంతా కంప్యూటర్‌లోకి ఎక్కించడం నా పని. "అంత చదివి గడ్డికి నీళ్లు పెడుతున్నావా?" అని మా అమ్మ ఫోన్లో నవ్వేది.

అంకుల్ ఆ కాలనీలోనే ఉండేవారు. మైదానం బాగోగులు చూసే కమిటీకి ఆయనే అధ్యక్షులు. వాళ్ల తాత విశాఖ వైపు నుంచి ఓడలో వచ్చారట. ఆయన తెలుగులో అరవం, మలయ్ సగం సగం కలిసిపోయి ఉండేవి. తొలిరోజు నా సంచిలో నవల చూసి, "ఏం అమ్మాయ్, నోరు ఇంట్లో పెట్టి పుస్తకం తెచ్చుకున్నావా?" అన్నారు. సిగ్గుతో నాకు మాట రాలేదు. "చూడు, నిజంగానే ఇంట్లో పెట్టింది" అని ఆయనే నవ్వారు. ఆ రోజు నుంచి ఆయన నాకు అంకుల్.

గ్రీన్ అంటే జెండా పాతిన గుంత చుట్టూ ఉండే నున్నటి గడ్డి. అంకుల్ ఉండే బ్లాకు ఎదురుగానే తొమ్మిదో గ్రీన్. రోజూ ఉదయం ఆట ముగిశాక ఆయన బూట్లు విప్పేసి, ఆ గడ్డి మీద వట్టి కాళ్లతో ఒక చుట్టు తిరిగేవారు. షిప్‌యార్డులో పనిచేసినన్నాళ్లూ ఇనుప ముక్కు బూట్లలో మగ్గిపోయిన కాళ్లట. "వీటికి పెన్షన్ ఇస్తున్నా" అనేవారు.

ఆ ఏడాది గ్రీన్లలోకి వేరే జాతి గడ్డి చొరబడింది. మొత్తం పెకలించి, ఇసుక పరిచి, కొత్త గడ్డి తీగల ముక్కలు నాటాలి. ఒకేసారి మూడేసి గ్రీన్లు మూసేస్తారు. మూసిన గ్రీన్ చుట్టూ తాడు కడతారు. అది గట్టిపడేదాకా ఎవరూ కాలు పెట్టకూడదు. ఆ వయసువాళ్లకు నెలల తరబడి ఆగమనడం మామూలు విషయం కాదు. ఆ మాట మాత్రం మీటింగులో ఎవరూ పైకి అనలేదు. తమ బ్లాకు దగ్గరి గ్రీనే ముందు చెయ్యాలని మాత్రం అందరూ పోట్లాడారు.

ఆ కమిటీలో ఒక ఆనవాయితీ ఉంది. ఏ మరమ్మతైనా అధ్యక్షుడి బ్లాకుకు చివర. దాన్ని పెట్టింది కూడా అంకులే. లిఫ్టుకు రంగు వేసినప్పుడూ, మెట్ల దగ్గర దీపాలు మార్చినప్పుడూ అదే జరిగింది. తొమ్మిదోది ఆఖరి విడతలో అని ఆయన ప్రకటించారు.

ఆ మీటింగుల్లో నేను ఎప్పుడూ నోరు విప్పలేదు. అంకుల్‌తో ఆసుపత్రికి వెళ్లొచ్చిన వారమే అది. ఆ రోజు విప్పాను. "నీళ్ల పైపు తొమ్మిదో దాని దగ్గరే మొదలవుతుంది. ముందు అదే చేస్తే సులువు" అన్నాను. అబద్ధం కాదు, నిజమూ పూర్తిగా కాదు. మైదానం సూపర్‌వైజర్, మలయ్ ఆయన, తలూపాడు. రిటైరైన చీనా టీచరమ్మ కూడా, "వై సో స్టబర్న్ లా, అంకుల్? టేక్ ఫస్ట్!" అని గదమాయించింది.

అంకుల్ నా వైపు ఒక్క క్షణం చూశారు. తర్వాత అందరి వైపూ తిరిగి, "మా ఇంటి ముందర ముందు పచ్చబడితే రేపు నా కోపీ కప్పులో మీరంతా ఉప్పు వేస్తారు" అన్నారు. అందరూ నవ్వారు. నేను తల వంచుకుని, ఆయన చెప్పిన వరుసే కంప్యూటర్‌లోకి ఎక్కించాను.

మొదటి విడత గ్రీన్లు తెరిచినప్పుడు అంకుల్ నడిచి వచ్చి చూశారు. రెండో విడతకు చేతికర్ర వచ్చింది. తొమ్మిదోది నాటే సమయానికి చక్రాల కుర్చీ. మోకాళ్ల నొప్పులని అందరికీ చెప్పారు. నాటిన వారానికే పెద్ద వానలు మొదలై, సగం తీగలు ఇసుకతో సహా కొట్టుకుపోయాయి. మళ్లీ నాటారు. ఆ రోజు ఆయన బాల్కనీలోంచి, "సింగపూర్ వాన కూడా కమిటీ మెంబరే అమ్మాయ్, నా మాట వినదు" అని అరిచారు. నేను నవ్వాననుకుంటాను. మెట్ల వెనక్కి వెళ్లి ఏడ్చాను.

గడ్డి మెల్లగా అల్లుకుంది. ఒక ఉదయం నేను కుర్చీ తోసుకుంటూ ఆయన్ని తాడు దాకా తీసుకెళ్లాను. సూపర్‌వైజర్‌కు ఆయన సంగతి అర్థమైపోయినట్టుంది. దగ్గరికొచ్చి మెల్లగా, "అంకుల్, ఫైవ్ మినిట్స్. నో షూస్. ఐ డిడంట్ సీ" అని తాడు పైకెత్తి పట్టుకున్నాడు.

అంకుల్ వంగి చెప్పులు విప్పారు. కాళ్లు తాడు కింద దాకా చాపి, అక్కడే ఆగిపోయారు. "నిన్న ఏడో బ్లాకు ఆయన్ని తిట్టింది నేనే కదా, తాడు దాటాడని" అన్నారు. చెప్పులు తొడుక్కోవడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. సాయం చెయ్యబోతే వద్దన్నారు.

"పది రోజులాగితే అయిపోతుంది కదా అంకుల్" అన్నాను. ఏమీ తెలియనిదానిలా.

"సుమ్మా ఉండు, ఊరుకో" అన్నారు, నా చెయ్యి తట్టి.

ఆ వారమే అంబులెన్స్ వచ్చింది. కబురు తెలిసి నేను పరుగెత్తేసరికి ఆయన్ని స్ట్రెచర్ మీద కిందికి దించారు. కూతురు పక్కనే ఉంది. దగ్గరి దారని, స్ట్రెచర్ తోసే ఇద్దరూ తొమ్మిదో గ్రీన్ మీదుగా అడ్డంగా పోబోయారు. అంకుల్ మొహం మీది మాస్కు పక్కకు లాగి, చుట్టూ తిరిగి పొమ్మని చేత్తో చూపించారు. వాళ్లు చుట్టూ తిప్పారు. ఆయన మళ్లీ ఆ కాలనీకి రాలేదు. గ్రీన్ తెరిచిన రోజు నేను సెలవు పెట్టాను.

ఆయన్ని ఎక్కించే ముందు అంబులెన్స్ తలుపు దగ్గర కూతురు ఇంగ్లీషులో ఏదో అడుగుతుంటే, ఆయన నన్ను వేలితో దగ్గరికి పిలిచారు. వంగాను.

"ఎవర్నీ తొక్కనివ్వకమ్మా, ఇంకా వేరు పట్టలేదు."